బీరు సీసా మీద తేదీ కనపడాలి

సంపాదకులకు నమస్కారం.

ఎండాకాలం వచ్చిందంటే పత్రికల్లో బీరు వార్త లేని వారం ఉండదు. ఎన్ని కేసులు అమ్ముడుపోయాయి, ఖజానాకు ఎన్ని కోట్లు చేరాయి, ఏ బ్రాండు దొరకడం లేదు అనేవే ఆ వార్తలు. 2025 జనవరిలో యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు సరఫరా ఆపినప్పుడు, ఆ మరుసటి నెలలో ధరలు 15 శాతం పెరిగినప్పుడు పేజీలకు పేజీలు వచ్చాయి. సీసా లోపలి సరుకు ఎలా ఉందో మాత్రం ఎవరూ రాయలేదు. పాలు కల్తీ అయితే రాస్తారు, నూనె మురిగితే రాస్తారు. బార్లీ, నీళ్లు, చేదునిచ్చే హాప్స్ పూలు, పులియబెట్టే ఈస్ట్ కలిపి చేసే బీరు కూడా పాడయ్యే సరుకే. దాని బాగోగులు కూడా ఎవరో ఒకరు పట్టించుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను పాల డెయిరీ ల్యాబులో కెమిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. ట్యాంకరు వచ్చి ఆగగానే మూత తీసి ముందు వాసన చూసేవాళ్లం, ఆ తర్వాతే పరీక్ష గొట్టాలు. ఆ అలవాటుతోనే ఇప్పుడు సీసా బీర్లను రుచి చూసి నోటుబుక్కులో రాసుకుంటున్నాను. తోడు మా తోడల్లుడు, పక్కింటి లెక్కల మాస్టారు. సీసాలకు పేపరు చుట్టి అంకెలు వేస్తాం, ఏ అంకె ఏ బ్రాండో పోసేవాడికి తప్ప తెలియదు. తలా ఒక చిన్న గ్లాసు. గ్లాసులను సబ్బుతో కడిగితే నాలుగైదు సార్లు నీళ్లతో తొలుస్తాం, సబ్బు జిడ్డు మిగిలితే నురగ నిలవదు. కారం పల్లీలు, చికెన్ ఫ్రై దగ్గరికి రానివ్వం. ఒట్టి మరమరాలు, మంచినీళ్లు, అంతే. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను కాసేపు బయట ఉంచుతాం. గడ్డకట్టేంత చల్లగా తాగితే నాలుక మొద్దుబారి మంచిదీ చెడ్డదీ ఒకేలా అనిపిస్తుంది.

అలా చూస్తే మన దగ్గర దొరికే బీర్లలో ఎంత తేడా ఉందో తెలుస్తుంది. తాజా కింగ్‌ఫిషర్ ప్రీమియంలో కాల్చిన బ్రెడ్డు వాసన లీలగా ఉండి, చివర్లో చిన్న చేదు తగులుతుంది. బడ్వైజర్‌లో బార్లీతో పాటు బియ్యం కూడా వాడతారు కాబట్టి నోట్లో తేలికగా, పొడిగా జారిపోతుంది. గోధుమ బీర్లది మరో దారి. హోగార్డెన్ సీసా తెరిస్తే మా తోడల్లుడు “ఇందులో ధనియాలు వేశారా?” అన్నాడు. నిజంగానే వేస్తారు, నారింజ తొక్కతో కలిపి. హోగార్డెన్ అన్నది బెల్జియంలో ఊరి పేరు. ఆ ఊళ్లో ఈ రకం బీరు కాచేవాళ్లు లేకుండా పోతే, 1960లలో పియర్ సెలిస్ అనే ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. ఆయన అంతకుముందు ఇంటింటికీ పాలు పోసేవాడు. పాల రంగం వాణ్ని కాబట్టి ఆ సంగతి నాకు చాలా ఇష్టం. హైదరాబాద్‌లో ఏ పెద్ద షాపుకు వెళ్లినా ముందు ఆ సీసా కోసమే చూస్తాను.

ఇక చెడ్డవాటి సంగతి. వాటి పేర్లు రాయను. ఎందుకంటే తప్పు తయారుచేసినవాడిదో దాచినవాడిదో సీసా చూసి చెప్పలేం. ఒక్కోసారి లాగర్ బీరులో, అంటే మన దగ్గర ఎక్కువగా దొరికే మామూలు రకంలో, వెన్న వాసన గుప్పుమంటుంది. అది డయాసిటైల్. మా డెయిరీలో వెన్నకు ఆ వాసన రావాలని తాపత్రయపడేవాళ్లం, బీరులో అది లోపం. పులిసేటప్పుడు ఈస్ట్ వల్లే అది పుడుతుంది, ట్యాంకులో తగినన్ని రోజులు ఉంచితే ఈస్టే దాన్ని లాగేసుకుంటుంది. తొందరపడి ముందే వడకడితే మిగిలిపోతుంది.

దీనికంటే ఎక్కువగా కనిపించేది ఎండ దెబ్బ. పాల సీసాను ఎండలో పెడితే పాలలోని రైబోఫ్లేవిన్ అనే బి2 విటమిన్ వెలుతురు పీల్చుకుని రుచి చెడగొడుతుందని డెయిరీలో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు. బీరులోనూ అదే రైబోఫ్లేవిన్ ఉంది. వెలుతురు తగిలితే అది హాప్స్ చేదును విరగ్గొడుతుంది, దాంతో గంధకం కలిసిన ఒక పదార్థం తయారవుతుంది. అణుమాత్రం ఉన్నా ముక్కు పట్టేస్తుంది. గోధుమరంగు గాజు ఆ వెలుతురును చాలావరకు ఆపుతుంది, పచ్చగాజు అంతగా ఆపదు. ఒకే కేసులోని రెండు పచ్చ సీసాల్లో ఒకదాన్ని బీరువాలో, ఒకదాన్ని డాబా పిట్టగోడ మీద పెట్టి సాయంత్రం తెరిచాం. పిట్టగోడ మీది సీసా మూత తీయగానే కాలిన రబ్బరు వాసన. మాస్టారు గ్లాసు ముక్కు దాకా తీసుకెళ్లి, పెదవికి తగలనివ్వకుండానే కింద పెట్టేశారు. బీరువాలోది నిక్షేపంగా ఉంది.

వెలుతురు తగలకపోయినా వేడి చాలు. సీసా బీరును సుమారు 60 డిగ్రీల వేడిలో పాశ్చరైజ్ చేస్తారు, సూక్ష్మజీవుల బెడద అక్కడితో తీరుతుంది. కానీ మూత కింద మిగిలిన కొద్దిపాటి ఆక్సిజన్ తన పని తాను చేస్తూనే ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ పని రెండింతలో మూడింతలో వేగం అందుకుంటుంది. అలా ముదిరిన బీరుకు తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది, చేదు తగ్గి వెగటు తీపి మిగులుతుంది. దాన్ని తర్వాత ఎంత చల్లబరిచినా పోయిన రుచి తిరిగి రాదు. మన ఊళ్లలో మే నెలలో 44 డిగ్రీలు మామూలే. వైన్స్ ముందు నడి ఎండలో కేసులు పేర్చి ఉండటం మీరూ చూసే ఉంటారు.

ఇంతకీ సీసా వయసు తెలుసుకుందామంటే అంత తేలిక కాదు. పది శాతం లోపు ఆల్కహాల్ ఉన్న పానీయాలకు గడువు తేదీ ముద్రించాలని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 నిబంధనల్లోనే ఉంది. ముద్రిస్తున్నారు కూడా. ఎక్కడో లేబుల్ అంచున, చుక్కల అక్షరాల్లో. ఐసు నీళ్లలో నానితే అదీ చెరిగిపోతుంది. ఒక షాపులో సీసా తిప్పి తిప్పి చూస్తుంటే కౌంటర్ మీది పిల్లవాడు, “బీరుకు డేటేంది సార్, కూల్ ఉందా లేదా చూస్కోవాలె గాని” అన్నాడు. వాణ్ని తప్పుపట్టను. కల్లు మండువకు వెళ్తే మాత్రం ఇదే జనం, పొద్దుటిదా మాపటిదా అని అడిగి గానీ ముంత పట్టరు. ఆ పట్టింపు బీరు దగ్గర కూడా ఉండాలి.

తెలంగాణలో ప్రతి కేసూ ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ డిపో దాటే బయటికి రావాలి. ఆంధ్రప్రదేశ్‌లోనూ అంతే. టోకు వ్యాపారి ఒక్కరే ఉన్నప్పుడు ఒక్క ఉత్తర్వుతో పని అయిపోతుంది. తయారైన నెల, సంవత్సరం చెరగని సిరాతో, పెద్ద అక్షరాల్లో, తెలుగులో కూడా లేబుల్ మధ్యలో ఉంటేనే సరుకు దించుకోవాలి. పాత సరుకు ముందు కదలాలి. డిపోలో, షాపులో కేసులకు నీడ తప్పనిసరి చేయాలి. గడువు దాటిన సీసాను మారు మాట్లాడకుండా మార్చి ఇవ్వాలి.

ఇంకొకటి. జిల్లాల్లో లైట్ బీరు అడిగితే దొరకడం గగనమవుతోంది, ఎటు చూసినా స్ట్రాంగే. నిబంధనల ప్రకారం ఐదు శాతం దాటి ఎనిమిది దాకా ఉన్నది స్ట్రాంగ్. 650 మిల్లీలీటర్ల సీసాలో ఎనిమిది శాతమంటే 52 మిల్లీలీటర్ల ఆల్కహాల్, ఇంచుమించు రెండు 60 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులంత. “బీరే కదా” అని ఒక సీసా తాగి బండి తీసే కుర్రాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. అదే 330 మిల్లీలీటర్ల లైట్ సీసాలో ఐదు శాతం అనుకున్నా పదహారున్నర మిల్లీలీటర్లే. తాగమని నేను ఎవరికీ చెప్పను. తాగేవాడికి తక్కువ ఘాటు సీసా, చిన్న సీసా అందుబాటులో ఉండాలంటున్నాను. షాపుల్లో ఇన్ని అరలు లైట్‌కు కేటాయించాలని లైసెన్సు షరతుల్లో చేర్చడం కష్టమేమీ కాదు. ఎన్ని మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉందో కూడా శాతం పక్కనే వేయించాలి.

ఈ వేసవిలో మీ విలేకరి డిపోకు వెళ్లినప్పుడు కేసుల లెక్కతో పాటు వాటి మీద ఏ నెల ఉంది, అవి నీడలో ఉన్నాయా ఎండలో ఉన్నాయా అన్నది కూడా రాయించగలరని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత డెయిరీ కెమిస్టు,
హనుమకొండ