ఫిరాయింపులకు లాక్ టైమవుట్ కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో ఉబుంటు (ఒక రకం లైనక్స్) సిస్టమ్‌లు చూసుకునే ఉద్యోగం నాది. మీ పత్రికలో వచ్చే పార్టీ ఫిరాయింపుల వార్తలను మా కుర్రాళ్లు లైనక్స్ కమాండ్లలోకి మార్చుకుని నవ్వుకుంటున్నారు. నేనూ నవ్వాను, ఒక్కదానికి తప్ప.

ఉబుంటులో ప్రోగ్రాములు ఎక్కించేదీ తీసేసేదీ 'ఆప్ట్' అనే కమాండ్. 'ఆప్ట్ రిమూవ్' కొడితే ప్రోగ్రామ్ పోతుంది కానీ దాని సెట్టింగుల ఫైళ్లు అక్కడే ఉంటాయి. అవీ పోవాలంటే 'పర్జ్' కొట్టాలి. పార్టీ మారే ఎమ్మెల్యేకు జరిగేది ఉత్త రిమూవేనని మావాళ్ల తీర్మానం. కండువా మారుతుంది, అనుచరులు, కాంట్రాక్టులు, ఫ్లెక్సీలో ఆ నవ్వు ఎక్కడివక్కడే.

ఇక డిపెండెన్సీలు. ప్యాకేజీకి, అంటే ఎక్కించే ప్రోగ్రాముకు, కావలసిన ఇతర ప్రోగ్రాములన్నీ లేకపోతే ఆప్ట్ మొరాయిస్తుంది. ఫిరాయింపులను అడ్డుకునే రాజ్యాంగం పదో షెడ్యూలూ అంతే, వేరే పార్టీలో విలీనం చెల్లాలంటే సభలో ఆ పార్టీవాళ్లలో మూడింట రెండొంతుల మంది కావాలి. 2018లో తెలంగాణలో కాంగ్రెస్ 19 సీట్లు గెలిచింది. ఒకరు ఎంపీ అయి రాజీనామా చేస్తే 18 మంది మిగిలారు. 2019 జూన్‌లో టీఆర్ఎస్‌లో విలీనమైంది సరిగ్గా 12 మంది! ఇంత శుభ్రంగా డిపెండెన్సీలు కుదిరిన ఇన్‌స్టాలేషన్ నా సర్వీసులో చూడలేదు. అంతకుముందు ఆంధ్రలో వైసీపీ గెలిచిన 67 మందిలో 23 మంది టీడీపీలోకి వెళ్లినప్పుడు ఆ లెక్కా అక్కర్లేకపోయింది. వాళ్లలో నలుగురు మంత్రులు కూడా అయ్యారు.

నాకు నవ్వు రానిది లాక్ జోకు. ఒక పని నడుస్తుండగా ఇంకో కమాండ్ కొడితే, లాక్ ఫలానా ప్రాసెస్ చేతిలో ఉందంటూ ఆప్ట్ ఆగిపోతుంది. అనర్హత పిటిషన్ స్పీకర్ దగ్గరున్నంత కాలం తెర మీద అదే లైను. ఎన్ని సెకన్లు ఆగాలో ఆప్ట్‌కు మనం చెప్పుకోవచ్చు (అదే టైమవుట్), పదో షెడ్యూల్లో ఆ ఏర్పాటే లేదు. కాంగ్రెస్‌లోకి వెళ్లారని బీఆర్ఎస్ ఫిర్యాదు చేసిన పది మంది ఎమ్మెల్యేల సంగతి మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌కు 2025 జూలై 31న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2003లో 91వ సవరణతో 'చీలిక' మినహాయింపు (పార్టీ చీలిందంటే అనర్హత తప్పే వెసులుబాటు) తీసేసినవాళ్లు అప్పుడే ఈ గడువూ రాసి ఉండాల్సింది.

లాక్ ఫైలును చేత్తో తీసేస్తే పోదా అని ఒక విద్యార్థి అడిగాడు. అలా తీస్తే ప్రోగ్రాముల చిట్టా ఉండే డేటాబేసే పాడవుతుంది బాబూ అన్నాను. గడువు చట్టంలోనే ఉండాలి. మన రెండు రాష్ట్రాల ఎంపీల్లో ఎవరైనా సరే, ఏ పార్టీ అయినా సరే, దీనిమీద ఒక ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక ల్యాబ్ టెక్నీషియన్, హనుమకొండ