వార్షిక నివేదిక 2024–25: విస్తరి వేసే ముందు ఒక ప్రశ్న

మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఆర్థిక సంవత్సరం లెక్కన చూస్తే ఈసారి మనకు రెండు ఉగాదులు పడ్డాయి. 2024 ఏప్రిల్ 9న క్రోధి, 2025 మార్చి 30న విశ్వావసు. ఖర్చుల పట్టికలో ‘ఉగాది భోజనాలు’ అనే పద్దు రెండుసార్లు కనిపించేది అందుకే, ఎవరూ కంగారు పడనక్కర్లేదు. ఆడిట్ అయిన లెక్కలు ఈ నివేదికతో పాటు విడిగా పంపుతున్నాం.

పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే ఆదివారాలు నడిచాయి. వినాయక చవితికి మట్టి విగ్రహాలు పంచాం. గ్రంథాలయానికి కొత్త బీరువా వచ్చింది, తీసుకెళ్లిన పుస్తకాలు తిరిగి ఇస్తే అది నిండుతుంది. వీటి గురించి ఇంతకన్నా రాయాల్సింది లేదు. ఈ ఏడాది కమిటీ ఎక్కువగా తల పట్టుకున్నది భోజనాల దగ్గర. కాబట్టి మిగతా నివేదికంతా దాని గురించే.

క్రోధి ఉగాదికి ఒక సభ్యురాలు తన చిన్నబ్బాయి కోసం ఇంటి నుంచి పెరుగన్నం డబ్బా తెచ్చుకున్నారు. బాబుకు వేరుశనగ పడదు. పులిహోరలో పల్లీలు వేశారా అని ఆమె అడిగితే వడ్డించే కుర్రాడు లేదన్నాడు, ఆ పలుకులు శనగపప్పువట. పక్కనున్న అబ్బాయి మాత్రం, నూనె వేరుశనగదే కదా అన్నాడు. మూడో ఆయన అసలు తనకు తెలియదన్నారు. నిజం చెప్పింది ఆయనొక్కరే అనుకోవాలి. బాబు డబ్బాలోదే తిన్నాడు, ఇబ్బందేమీ రాలేదు. తర్వాత ఆమె కమిటీకి ఉత్తరం రాశారు. అందులో ఫిర్యాదు లేదు. మా కోసం వేరే వండక్కర్లేదు, దేంట్లో ఏముందో ముందే చెబితే ఏది పెట్టాలో మేమే చూసుకుంటాం అని మాత్రం ఉంది.

ఆ ఉత్తరం సమావేశంలో చదివాక ఒక్కొక్కరూ నోరు విప్పారు. ఒకరి తోడల్లుడికి గోధుమ కూడదు. ఇంకొకరి మనవరాలికి పాలు పడవు. మరొకరికి జీడిపప్పు నోట్లో పెడితే పెదాలు వాస్తాయి. ఇన్నేళ్లుగా వీళ్లంతా మన పంక్తుల్లో కూర్చుని, అనుమానమున్నవి విస్తరి పక్కకు నెట్టేస్తూ తిన్నారన్నమాట.

ఫారంలో ఏం అడగాలి

ఎవరికి ఏది పడదో భోజనాలకు ముందే ఒక ఫారంలో అడగాలనుకున్నాం. ముందు అందరికీ తోచిన దారి, ప్యాకెట్ల మీద ఉండే జాబితానే మన ఫారంలో పెట్టేయడం. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ ఆహారం మీద తప్పకుండా చెప్పాల్సినవి ఇవి: గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉన్న గోధుమ లాంటి ధాన్యాలు, రొయ్యలు పీతల జాతి, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగతో పాటు జీడిపప్పు బాదం లాంటి గింజలు, సోయా, మోతాదు మించిన సల్ఫైట్లు (నిల్వ కోసం కలిపేవి). జాబితా మంచిదే. కానీ మన పండగ విస్తట్లో పీత ఎక్కడిది? మన విస్తట్లో ఉండే నువ్వులు, ఆవాలు మాత్రం ఆ జాబితాలో లేవు. అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వులను ప్రధాన అలర్జీ కారకాల్లో చేర్చారు. యూరప్‌లో నువ్వులు, ఆవాలు రెండూ చెప్పి తీరాలి. మనకేమో గుత్తివంకాయలో నువ్వులు, అరిసెల మీద నువ్వులు, ప్రతి తాలింపులో ఆవాలు. పైగా పనసపొట్టు కూరకు ఆవ పెట్టకపోతే ఊరుకోని గోదావరి జిల్లాల వాళ్లు కమిటీలోనే ఉన్నారు.

అందుకని మా ఫారం వంటకాల పేర్లతోనే మొదలవుతుంది. ఆ రోజు పెట్టబోయేవి, ఒక్కొక్కదాని కింద అందులో పడే దినుసులు. ఆ తర్వాత మూడు ప్రశ్నలు: ఏది తినకూడదు, తింటే ఏమవుతుంది, మందు వెంట ఉంచుకుంటారా. రెండో ప్రశ్న పెట్టడం మా డాక్టరు సభ్యురాలి పట్టుదల. పాలు తాగితే కడుపు ఉబ్బరించే మనిషికీ, పాల చుక్క తగిలితే ఊపిరి ఆడని పసివాడికీ ఫారంలో ఒకటే మాట ‘పాలు పడవు’ అని వస్తుంది. మొదటాయనకు సాధారణంగా నెయ్యి వేసినా ఫర్వాలేదు, ఎందుకంటే అందులో లాక్టోజ్, అంటే పాలలోని చక్కెర, దాదాపు ఉండదు. పిల్లవాడికి మాత్రం నెయ్యి కూడా పెట్టకూడదు, పాల ప్రోటీన్ కొద్దిగా మిగిలి ఉండవచ్చు. వడ్డించేవాళ్లకు ఈ తేడా తెలిసి ఉండాలి.

ఉల్లి వెల్లుల్లి తిననివాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు, ఉపవాసాల వాళ్లకు వేరే గడి ఉంది. అల్లుడిగారికి ఉప్మా పడదని ఒకరు రాశారు. దాన్ని కూడా ఈ గడిలోకే మార్చాం.

ఫారం ఆహ్వానంతో పాటే వెళుతుంది, సరుకులు కొనే ముందు రోజు మూసేస్తాం. ఫోన్లో ఫారాలు నింపని పెద్దవాళ్లకు మహిళా విభాగం వాళ్లు ఫోన్ చేసి అడిగారు. ‘రాళ్లు తిన్నా అరుగుతాయమ్మా నాకు’ అన్నవాళ్లే, వేసవి సెలవులకు వచ్చే మనవల సంగతి గుర్తుచేస్తే కాగితం, కలం తెచ్చుకున్నారు. విశ్వావసు ఉగాదికి కన్నడ ఇరుగుపొరుగును కూడా పిలిచాం కాబట్టి ఫారం కన్నడలోనూ పంపాం. పండగ వాళ్లదీ మనదీ ఒకటే రోజు, బొబ్బట్లు కూడా ఒకటే. ఆ బొబ్బట్లలోని మైదా ఎవరికి పడకపోయినా కష్టమే.

పేర్లు వాట్సాప్ గ్రూపులో పెడితే అందరూ జాగ్రత్తగా ఉంటారని ఒక సూచన వచ్చింది. ఒప్పుకోలేదు. సంబంధాలు చూస్తున్న అమ్మాయి పేరు పక్కన జబ్బు పేరు గ్రూపులో తిరిగితే ఏమవుతుందో వేరే చెప్పాలా? వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో కేంద్రం చట్టం కూడా తెచ్చింది. దేనికోసం తీసుకున్న వివరాన్ని దానికే వాడాలి, పని అయ్యాక తీసేయాలి, పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలి అనేవి అందులోని ముఖ్యమైన మాటలు. మేం ఆ పద్ధతే పెట్టుకున్నాం. వంటమేస్త్రికి పేర్లు వెళ్లవు, ఏ వంటకం ఎందరికి వేరుగా తీయాలో మాత్రమే వెళుతుంది. పేర్లు కార్యదర్శి దగ్గర, వడ్డన చూసుకునే ఒకరి దగ్గర ఉంటాయి. భోజనాలయ్యాక చెరిపేస్తాం.

వంటశాలలో తేలినవి

అన్నిటికన్నా పెద్ద సంగతి ఇంగువ. గోధుమ తిననివాళ్లకు బొబ్బట్లు, పూరీలు తప్పిస్తే చాలని అందరమూ అనుకున్నాం. సామాను జాబితా సరిచూస్తుంటే డాక్టరుగారు ఇంగువ డబ్బా తిప్పి చూపించారు. బజారులో దొరికే పొడి ఇంగువలో గోధుమ పిండో మైదానో కలిసి ఉండటం మామూలే. అది పులిహోరలో, చారులో, సాంబారులో, మజ్జిగ పులుసులో అన్నిట్లోనూ పడుతుంది. గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లకు చిటికెడు గోధుమైనా పేగు లోపలి పొర దెబ్బతింటుంది. అది అలర్జీ కాదు, వెంటనే ఏమీ కనిపించకపోవచ్చు కూడా, అందుకే తేలిగ్గా తీసుకుంటారు. బియ్యప్పిండితో చేసిన ఇంగువ కూడా దొరుకుతుంది. లేబుల్ చదివి అదే తెప్పించాం. వంటమేస్త్రి వాసన చూసి ఒప్పుకున్నారు.

నూనె మీద జరిగినంత వాదన బడ్జెట్ మీద కూడా జరగలేదు. రిఫైన్డ్ వేరుశనగ నూనెలో అలర్జీ తెచ్చే ప్రోటీన్ దాదాపు పోతుంది, గానుగ నూనెలో కొంత మిగులుతుంది. మనవాళ్లలో గానుగ నూనె అభిమానులు తక్కువేం కాదు. చివరకు పండగ వంటకు పొద్దుతిరుగుడు నూనె, ఆవకాయలో మాత్రం ఎవరి అలవాటు వారిది, ఆవకాయ జాడీ వేరే బల్ల మీద అని రాజీ కుదిరింది. రుచి తగ్గిందని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. నాకూ కొంచెం అలాగే అనిపించింది, కానీ నా ఓటు పొద్దుతిరుగుడుకే.

వండటం ఒక ఎత్తు, వడ్డించడం మరో ఎత్తు. పల్లీ పచ్చడిలో పెట్టిన గరిట పెరుగు బకెట్లోకి వెళితే, అంతకుముందు చేసిన జాగ్రత్తలన్నీ వృథా. అందుకే తీవ్రమైన అలర్జీ ఉన్నవాళ్లను మొదటి పంక్తిలో ఒక చివర కూర్చోబెడుతున్నాం. గరిటలు ఇంకా కలవకముందే, మూత పెట్టి వేరుగా తీసి ఉంచిన గిన్నెల్లోంచి వాళ్లకు వడ్డన అవుతుంది. కేటరింగ్ కుర్రాళ్లలో చాలామంది ఒడిశా, బెంగాల్, అస్సాం వైపు వాళ్లు, తెలుగులో కన్నడలో చీటీలు అంటిస్తే వాళ్లు చదవలేరు. విస్తరి పక్కన ఎర్ర అట్టముక్క పెడితే మాత్రం అందరికీ అర్థమైంది: అక్కడ మన వాలంటీరు తప్ప ఎవరూ వడ్డించకూడదు.

కార్తీక వనభోజనాల్లో ఈ ఏర్పాట్లు సగమే పనిచేశాయి. అక్కడ తలో వంటకం ఇంటి నుంచి వస్తుంది. గిన్నె మూత మీద దినుసుల చీటీ అంటించి తెమ్మన్నాం. ఎక్కువమంది తెచ్చారు. ‘మామూలు కూర’ అని రాసినవి కూడా వచ్చాయి. విడిగా తూకం వేసి అమ్మే మిఠాయిల మీద దినుసుల లేబుల్ ఉండదు, అడిగితే దుకాణంలోనూ గట్టిగా చెప్పలేకపోయారు. వాటిని పిల్లల బల్లకు దూరంగా ఉంచాం.

అయినా ఏదైనా జరిగితే

డాక్టరు సభ్యురాలు వాలంటీర్లకు ఒక పూట శిక్షణ ఇచ్చారు. తిన్న కాసేపటికే దద్దుర్లు, ముఖం వాపుతో పాటు గొంతు బిగుసుకున్నా, ఊపిరి ఆడకపోయినా, మనిషి తూలినా అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ కావచ్చు. దానికి మొదటి మందు తొడ బయటి వైపు కండలో ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. దురద మాత్ర దాన్ని ఆపలేదు. మనిషిని లేపి నడిపించకూడదు, పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టాలి. ఊపిరి అందకపోతే కూర్చోనివ్వాలి. వెంటనే 108కి ఫోన్ చేయాలి. కుదుటపడ్డాక కూడా ఆసుపత్రిలో కొన్ని గంటలు ఉండాలి, లక్షణాలు మళ్లీ రావచ్చు. బయటి దేశాల్లో వాడే పెన్ను లాంటి ఇంజెక్షన్ ఇక్కడ అంత సులువుగా దొరకదు. డాక్టరు రాసిచ్చిన ఆంప్యూలు (మందున్న చిన్న గాజు సీసా), సిరంజి వెంట ఉంచుకునే కుటుంబాలున్నాయి. సంఘం మందులేవీ నిల్వ పెట్టదు. మందు ఎవరి సంచిలో ఉందో వడ్డన చూసేవాళ్లకు తెలిసి ఉంటుంది, అంతే. ఈ ఏడాది ఆ అవసరం రాలేదు.

మా కాలంలో ఈ అలర్జీలెక్కడివి అని ఒక పెద్దాయన సర్వసభ్య సమావేశంలో అడిగారు. అన్ని కారణాలూ ఇంకా తేలలేదని డాక్టరుగారు చెబుతూ, 2015లో వెలువడిన ఒక లండన్ అధ్యయనం గురించి చెప్పారు. అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న పసివాళ్లకు ఏడాది లోపే వేరుశనగ పెట్టడం మొదలుపెడితే, ఐదేళ్ల వయసుకు ఆ అలర్జీ చాలా తక్కువమందిలో కనిపించిందట. అది డాక్టరు పర్యవేక్షణలో చేయాల్సిన పని, ఇంట్లో ప్రయోగాలు వద్దని కూడా ఆవిడ గట్టిగానే చెప్పారు.

ఇప్పుడు ప్రతి ఆహ్వానం అడుగున ఒక వాక్యం ఉంటోంది: మన వంటశాలలో పల్లీలు, నువ్వులు, జీడిపప్పు, పాలు, గోధుమ వాడతాం, ఇవి ఏ వంటకంలోనూ తగలవని హామీ ఇవ్వలేం. పిలిచి భయపెట్టడమేమిటని కొందరికి నచ్చలేదు. ఆ వాక్యం తీయవద్దని అడిగింది మాత్రం మొదట ఉత్తరం రాసిన ఆ సభ్యురాలే.

ఈసారి సర్వసభ్య సమావేశం ముందుకు రెండు ప్రతిపాదనలు వస్తున్నాయి. కేటరింగ్ ఒప్పందంలో దినుసుల జాబితాను చేర్చాలనీ, జాబితా ఇచ్చాక మమ్మల్ని అడగకుండా వంటకం మార్చకూడదనీ మొదటిది. వనభోజనాలకు బయటి మిఠాయిలు తేవద్దన్నది రెండోది. దీనిమీద గొడవ తప్పదని తెలుసు. రాబోయే వినాయక చవితి ఫారం పనికి కన్నడంలో, తమిళంలో ఫోన్ చేసి మాట్లాడగల వాలంటీర్లు కావాలి. వీలున్నవాళ్లు సమావేశం రోజున పేర్లు ఇవ్వండి.

కార్యదర్శి