కుక్కల కీహోల్ సర్జరీ: మొదటి సూది గురించి కూడా అడగండి

ఎడిటర్ గారికి,

కుక్కకి కీహోల్ సర్జరీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేసే ఆపరేషన్) అనగానే కోత ఎంత, కుట్లు ఎన్ని అని అడుగుతారు గానీ, పొట్టలోకి మొదటి సూది ఎలా దించుతారని ఎవరూ అడగరు, అసలు టెన్షన్ పడాల్సింది అక్కడే. కెమెరా ఇంకా లోపలికి వెళ్లలేదు కాబట్టి పొట్టలోకి గ్యాస్ నింపే ఈ వెరెస్ సూదిని గుడ్డిగానే దించాలి. దాని లోపల స్ప్రింగుతో ఒక మొద్దు మొన ఉంటుంది, పొట్ట గోడ దాటగానే అది ముందుకొచ్చి సూది పదును అవయవాలకు తగలకుండా కాస్తుంది, అయినా దాన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. కుక్కల్లో ప్లీహం పెద్దది, చోటు మారుతూ ఉంటుంది, పైగా ఎసిప్రొమజైన్ లాంటి మత్తు మందులకు ఉబ్బుతుంది. సూదికి తరచుగా దొరికిపోయేది అదే.

అందుకే ముందు మూత్రాశయం ఖాళీ చేసి, పొట్ట గోడను పైకెత్తి పట్టుకుని దించాలి. తర్వాత సిరంజితో లాగి రక్తం, మూత్రం రావట్లేదని, సెలైన్ చుక్క దానంతటదే లోపలికి జారుతోందని చూసుకున్నాకే గ్యాస్ వదలాలి. మొదట్లోనే ప్రెషర్ ఎక్కువ చూపిస్తే సూది కొవ్వులోనో, ఏదైనా అవయవంలోనో ఉందేమోనని వెంటనే ఆపాలి. అన్నీ సరిగ్గా ఉంటే 8 నుంచి 12 మిల్లీమీటర్ల మెర్క్యురీ ప్రెషర్ సాధారణంగా సరిపోతుంది.

నన్నడిగితే, కొత్తగా నేర్చుకునే డాక్టర్లు చిన్న కోత పెట్టి, కళ్లతో చూస్తూ గొట్టం దించే ఓపెన్ పద్ధతితోనే మొదలుపెట్టాలి. అవసరమైతే పొట్ట తెరవడానికి సిద్ధంగా ఉన్నారా అని యజమానులు ముందే అడగండి, అడిగితే మంచి డాక్టరెవరూ కోప్పడరు.

ఇట్లు,
ఒక పశువైద్యురాలు