గదికో టీవీ లైసెన్సా?

సంపాదకులకు,

సెప్టెంబరులో బ్రిటన్‌కు చదువుకోడానికి వచ్చే మన పిల్లలకు కన్సల్టెన్సీల వాళ్లు ప్రెషర్ కుక్కర్ నుంచి చలికోటు దాకా అన్నీ చెప్పి పంపుతారు. టీవీ చూడాలంటే ఇక్కడ ఏటా డబ్బు కట్టి తీసుకోవాల్సిన టీవీ లైసెన్సు ఊసు మాత్రం ఎత్తరు. అద్దె గదిలో దిగాక పేరు లేకుండా ‘లీగల్ ఆక్యుపయర్’ (ఇంట్లో ఉంటున్నవారు) అంటూ లైసెన్సు వాళ్ల ఉత్తరం వస్తుంది. లైసెన్సు లేకుండా చూస్తే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా పడుతుందని చదివేసరికి వాళ్లకు గుండె గుభేలుమంటుంది.

గదిలో టీవీ లేదు కదా అనుకుంటే పొరపాటే. ఫోన్‌లోగానీ ల్యాప్‌టాప్‌లోగానీ ఏ చానల్ లైవ్ చూసినా లైసెన్సు ఉండాలి. హైదరాబాద్ నుంచి వచ్చే తెలుగు వార్తల లైవ్‌కూ ఇదే రూలు. 2016 సెప్టెంబరు నుంచి బీబీసీ వాళ్ల వీడియో యాప్ ఐప్లేయర్‌లో పాత కార్యక్రమాలు చూడాలన్నా తప్పదు. నెట్‌ఫ్లిక్స్‌లో సినిమాలు మాత్రమే చూసేవాళ్లకు అక్కర్లేదు. ఆ మాటే టీవీ లైసెన్సు వెబ్‌సైట్‌లో నమోదు చేస్తే సరిపోతుంది.

నాకు మింగుడుపడనిది అద్దె ఇళ్ల లెక్క. నలుగురూ కలిసి ఒకే అగ్రిమెంటు మీద సంతకాలు పెడితే ఇల్లంతటికీ ఒక లైసెన్సు చాలు. అదే ఇంట్లో, అదే వంటగదిలో వండుకునే నలుగురికి ఓనరు విడివిడిగా రాసిస్తే ఎవరి గదికి వాళ్లే కట్టుకోవాలి. 2025 ఏప్రిల్‌లో రుసుము 174.50 పౌండ్లు చేశారు. ఆ ఏడాది లెక్కన ఒక్క ఇంటికే 698 పౌండ్లు! యూనివర్సిటీ హాస్టళ్లలోనూ గదికో లైసెన్సే.

విద్యార్థులకు మినహాయింపు ఒకటుంది. సొంతింట్లో తల్లిదండ్రులకు లైసెన్సు ఉంటే, పిల్లలు చార్జర్ పెట్టకుండా బ్యాటరీ మీదే చూసుకోవచ్చు. గుంటూరులో ఉన్న తల్లిదండ్రులకు బ్రిటన్ లైసెన్సు ఎక్కడిది? మన దేశంలో టీవీ లైసెన్సులు 1980ల్లోనే పోయాయి. అంటే ఫీజులు ఎక్కువ కట్టే విదేశీ విద్యార్థికే ఈ వెసులుబాటు లేదన్నమాట.

ఈ లైసెన్సు డబ్బుతో నడిచే బీబీసీకి నియమాలు పెట్టే చార్టర్ గడువు 2027 చివరితో ముగుస్తుంది. కొత్తది రాసేటప్పుడైనా అగ్రిమెంటు ఎలా ఉందన్నది వదిలేసి, ఇంటికి ఒక లైసెన్సు అనాలి. ఈలోగా కన్సల్టెన్సీలు రెండు ముక్కలు చెబితే చాలు: సంతకం పెట్టే ముందు అగ్రిమెంటు ఉమ్మడిదో విడిదో చూసుకోమనీ, లైసెన్సు కొన్నవాళ్లు గది ఖాళీ చేసేటప్పుడు మిగిలిన నెలల డబ్బు వెనక్కి అడగమనీ.

– ఒక పాఠకుడు, లెస్టర్