రెండు ప్రమేయాలు పక్కపక్కన ఉన్నప్పుడు

నల్లగొండ

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

మన బత్తాయి లోడ్ల సగటు నుంచి తేడాలు జే అనే ప్రోగ్రామింగ్ భాషలో సరిగ్గా వచ్చాయనీ, అదే కూర్పును డయాలాగ్ ఏపీఎల్ అనే మరో భాష గుర్తులతో రాస్తే ఒక్క ఋణ సంఖ్యే వచ్చిందనీ రాశావు. నీ లెక్క తప్పు కాదు బిడ్డా. పక్కపక్కన పెట్టిన రెండు ప్రమేయాలను ఆ రెండు భాషలూ వేర్వేరుగా చదువుకుంటాయి.

ఇంటర్‌లో చదివిన సంయుక్త ప్రమేయంలో ఒకటి ఇచ్చిన ఫలితాన్ని మరొకటి అందుకుంటుంది. సగటుకు అది చాలదు, ఎందుకంటే అదే జాబితాను ఒకవైపు కూడాలి, మరోవైపు లెక్కపెట్టాలి, ఆపైన భాగించాలి. జేలో దీన్ని (+/ % #) అని రాస్తారు; అక్కడ +/ కూడుతుంది, # లెక్కపెడుతుంది, % భాగిస్తుంది. లోడ్లు 6, 9, 12 టన్నులైతే రెండు కొసల్లోని ప్రమేయాలు అదే జాబితాను తీసుకుని 27, 3 ఇస్తాయి, మధ్యలోది భాగించి 9 ఇస్తుంది. జాబితాకు పేరు పెట్టే పనే ఉండదు. ఈ మూడింటి కూర్పు ఫోర్క్. దీన్నీ, రెండింటి కూర్పైన హుక్‌నూ ఏపీఎల్ సృష్టికర్త కెన్నెత్ ఐవర్సన్, ఆయన సహచరుడు యూజీన్ మెక్‌డోనెల్ 1989లో ప్రతిపాదించారు. ఫోర్క్ దగ్గర ఆ రెండు భాషలకూ పేచీ లేదు.

పేచీ అంతా హుక్ దగ్గరే. (- (+/ % #)) అని రాస్తే జే అసలు జాబితాలోంచి సగటును తీసివేస్తుంది కనుక నీకు -3, 0, 3 వచ్చాయి (ఋణ గుర్తును అది కింది గీతగా చూపుతుందనుకో). 2014లో 14.0 వెర్షన్‌తో ఈ కూర్పులను తెచ్చుకున్న డయాలాగ్ మాత్రం రెండింటిని మామూలు సంయుక్త ప్రమేయంగానే చదువుతుంది: ముందు సగటు కట్టి, మైనస్‌కు అందిన ఆ ఒక్క విలువకూ గుర్తు మార్చి -9 అంటుంది. లెక్కలు చెప్పినవాణ్ణి కాబట్టి నాకు డయాలాగ్ పద్ధతే సబబుగా తోస్తుంది, అతి మామూలు కూర్పు కోసం జేలో మొదట, ఎడమకొస ఖాళీ అని చెప్పే [: గుర్తు పెట్టవలసి రావడం చికాకే.

హుక్ లేకున్నా దాని పని ఆగదు. జాబితాను ఉన్నదున్నట్టు ఇచ్చే గుర్తును ఎడమకొసన పెట్టి, జేలో (] - (+/ % #)) అనీ, డయాలాగ్‌లో (⊢ - (+⌿ ÷ ≢)) అనీ రాస్తే రెండూ ఫోర్క్‌లే అవుతాయి, జవాబూ ఒకటే వస్తుంది. నీ పాత ఫైళ్లన్నీ తిరగరాయకు. +/ వంటిదాన్ని ఒకటిగా లెక్కించి, ఒక్కో కుండలీకరణం లోపల ప్రమేయాలు బేసిగా ఉంటే వదిలెయ్యి. సరి సంఖ్యలో ఉన్నచోట ఎడమకొసన రెండింటి కూర్పు మిగులుతుంది కాబట్టి వాటిని మాత్రం మార్చి, ఏం వచ్చిందో రాయి.

నాన్న