రాజీనామా సరే, మా బోర్ల డబ్బు సంగతేంటి ముఖ్యమంత్రి గారూ?

గౌరవనీయులైన కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య గారికి,

నమస్కారం. నేను బళ్ళారి గ్రామీణ నియోజకవర్గంలో ఉండే వాల్మీకి నాయక రైతుని. ఇదివరకు ఇచ్చిన అర్జీలన్నీ కన్నడలోనే ఇచ్చాను, ఒక్కదానికీ జవాబు రాలేదు, అందుకని ఈసారి ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే రాస్తున్నా. ఓట్లప్పుడు అన్ని పార్టీల వాళ్ళూ మా వీధుల్లోకి వచ్చి తెలుగులోనే దండాలు పెడతారు, కాబట్టి దీన్ని మీకు చదివి చెప్పే మనిషి దొరక్కపోడు.

మా ఎస్టీల కోసం ప్రభుత్వం పెట్టిన వాల్మీకి నిగమం (కార్పొరేషన్) డబ్బు వేరే ఖాతాల్లోకి మాయమైన కథ మీకు నేను చెప్పాల్సిన పని లేదు, అసెంబ్లీలో మీరే గంటలకొద్దీ చెప్పారు. నేను అడగొచ్చింది ఆ తర్వాతి సంగతి. మా ఎమ్మెల్యే, ఎస్టీ సంక్షేమ మంత్రిగా ఉన్న నాగేంద్ర గారు 2024 జూన్ 6న మంత్రి పదవికి రాజీనామా ఇచ్చారు, లోక్‌సభ ఫలితాలు వచ్చిన రెండు రోజులకి. తాను ఏ తప్పూ చేయలేదనీ, పార్టీకీ మీకూ ఇబ్బంది రాకూడదని తనంతట తనే తప్పుకుంటున్నాననీ చెప్పారు. చాలా మంచిది. మీ ఇబ్బంది తీరింది. ఆ రోజు నుంచి మేం ఎవరిని ఏం అడిగినా ఒకటే సమాధానం, మంత్రే రాజీనామా చేసేశాడు కదా, ఇంకేం కావాలయ్యా మీకు అని.

మాకు డబ్బు కావాలండీ. అంతే.

187 కోట్లు పోయాయని ప్రతిపక్షం అరిచినప్పుడు మీరు సభలో లేచి, కాదు, పోయింది 89.63 కోట్లే అని లెక్క సరిచేశారు. ఆ 'లే' దగ్గర నాకు కడుపు మండింది, క్షమించండి. ఆర్థిక శాఖ కూడా మీ దగ్గరే ఉంది, రికార్డు స్థాయిలో బడ్జెట్లు పెట్టిన మనిషి మీరు, మీకు 89 కోట్లు చిన్నగానే కనిపించొచ్చు. మా లెక్క వేరు. పేద రైతుల చేలల్లో బోర్లు వేయించే గంగా కల్యాణ పథకం కింద ఒక్కో బోరుకి మోటారు, కరెంటుతో కలిపి నాలుగు లక్షలు వేసుకున్నా, ఆ 89 కోట్లతో రెండు వేల రెండొందల బోర్లు పడేవి. రెండు వేల రెండొందల ఇళ్ళలో రెండెకరాలో మూడెకరాలో ఎండిన చేను తడిసేది. నేను లెక్కల్లో గట్టివాణ్ణి కాదు, తప్పుంటే అది కూడా సభలో లేచి సరిచేయండి.

ఆ బోరు కోసం మనిషి ఎలా ఎదురు చూస్తాడో మీకు తెలుసా అని అడగాలనుంది, కానీ మీరు కూడా పల్లెటూరి నుంచే వచ్చారు, తెలిసే ఉంటుంది. ముందు కుల పత్రం, ఆదాయ పత్రం, చిన్న రైతు పత్రం, పహణీ అనే భూమి రికార్డు. పహణీలో తాత పేరు ఉంటే అది నాన్న పేరుకి మారాలి, నాన్న పోయుంటే అన్నదమ్ములందరి సంతకాలు కావాలి, అన్నదమ్ముల్లో ఒకడు బెంగళూరులో కాంక్రీటు పనిలో ఉంటాడు, వాడు పండక్కే వస్తాడు. అవన్నీ అయి ఆన్‌లైన్‌లో అర్జీ పడితే, పేర్లు ఎంపిక చేసేది ఎమ్మెల్యే అధ్యక్షతన కూర్చునే కమిటీ. అంటే నీళ్ళకి కూడా ఎమ్మెల్యే మనిషి అనిపించుకోవాలి. సరే, అనిపించుకున్నాం. జాబితాలో పేరు వచ్చింది అనుకోండి, తర్వాత భూమిలో నీళ్ళ పాయింటు చూసేవాళ్ళు రావాలి, తర్వాత కాంట్రాక్టరు, వాడి బోరు లారీ ఎప్పుడొస్తే అప్పుడే. బోరు పడ్డాక మోటారు రాదు. మోటారు వచ్చాక కరెంటు రాదు. కొన్ని చేలల్లో కేసింగ్ పైపు మూతికి గోనెసంచి కట్టి ఉంటుంది చూడండి, పక్కనే మిరప తోట ఎండుతూ ఉంటుంది. అక్కడ రైతు కాలువ చివర భూమి వాడు, తుంగభద్ర నీళ్ళు పై వాళ్ళు వాడుకోగా మిగిలితేనే అతని దాకా వస్తాయి, అందుకే ఆ బోరు మీద అంత ఆశ. ఆగి ఆగి బయట వడ్డీకి తెచ్చి సొంతంగా బోరు వేసుకున్నవాళ్ళూ ఉన్నారు, నీళ్ళు పడనివాళ్ళు ఇప్పుడు ఆ వడ్డీ కట్టడానికి కూలికి పోతున్నారు.

ఇదంతా కుంభకోణానికి ముందు నుంచీ ఉన్న బాధే, ఒప్పుకుంటా. కానీ అప్పట్లో అడిగితే నిధులు రాలేదు, వచ్చే సంవత్సరం చూద్దాం అనేవారు. కుంభకోణం బయటపడ్డాక తాలూకాలో ఒక ఆఫీసుకి పోయి నా అర్జీ ఏమైందని అడిగితే, అక్కడి గుమాస్తా నవ్వి, మీ నిగమం డబ్బు హైదరాబాదులో ఉంది అక్కడికి పోయి అడుగు అన్నాడు. హాస్యానికే అన్నాడు, మనిషి మంచివాడే. కానీ ఆ హాస్యం మా నెత్తిన ఎలా పడిందో చూడండి. బెంగళూరు ఎంజీ రోడ్డు బ్యాంకు శాఖలో ఉన్న ఎస్టీల సొమ్ము హైదరాబాదు బంజారాహిల్స్‌లో ఒక బ్యాంకు ఖాతాల్లోకి పోయిందని మీ ప్రభుత్వం వేసిన దర్యాప్తు బృందం సిట్టే తేల్చింది. మా ఊళ్ళో పేదవాడి ఖాతాకి ఆధార్ లింకు తెగితే పింఛను ఆగిపోతుంది, కోట్లకు కోట్లు రాష్ట్రం దాటి పోతుంటే మాత్రం ఏ లింకూ తెగలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. సరిహద్దు అవతల రాయదుర్గం, ఆలూరు వైపు మా బంధువులు ఉన్నారు. పిల్లనిచ్చాం, పిల్లను తెచ్చుకున్నాం. అక్కడ వాళ్ళు బోయలు, బీసీలు. ఇక్కడ అదే కులాన్ని నాయక అంటారు, మేం ఎస్టీలం. వాళ్ళని ఎస్టీల్లో చేర్చమని ఆంధ్ర అసెంబ్లీ 2017లో ఒకసారి, 2023లో ఇంకోసారి తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. మా బావ అయితే ఏ పెళ్ళిలో కలిసినా ఇదే మాట, మీరు అదృష్టవంతులు బావా, మీకు కార్పొరేషన్ ఉంది, బోర్లు ఇస్తారు, మా సంగతి చూడు అని. 2024లో నిగమం వార్త వచ్చాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదేమో, నేనైనా ఏదో ఒకటి కోపంగా అనేవాణ్ణి.

మంత్రి నాగేంద్ర గారు మా వాడు. అది మిగతావాళ్ళకి అర్థం కాదు. 2023లో బీజేపీ శ్రీరాములు గారి మీద గెలిచి, మే నెలాఖరులో ఆయన ప్రమాణం చేసిన రోజు మా వీధిలో టపాకాయలు కాల్చాం. ఎస్టీ సంక్షేమం మా కులం వాడి చేతికే ఇచ్చారని మీకు కూడా జై కొట్టాం. ఆయన 2008లో కూడ్లిగిలో బీజేపీ టికెట్టు మీద గెలిచిన సంగతి, గనుల కేసుల్లో జైలుకు పోయొచ్చిన సంగతి మాకు తెలుసు, మీకు ఇంకా బాగా తెలుసు. తెలిసీ ఇచ్చారు. మేమూ తెలిసే జై కొట్టాం, అందుకే ఆయన ఒక్కణ్ణీ తిట్టడానికి నాకు నోరు రావట్లేదు. పైగా కేసు ఇంకా తేలలేదు. మీ సిట్ చార్జిషీటులో ఆయన పేరే లేదు. కేంద్రం చేతిలో ఉన్న ఈడీ చార్జిషీటులో మాత్రం ఆయనే సూత్రధారి, ఆ డబ్బులో 20 కోట్లకు పైగా బళ్ళారి లోక్‌సభ ఎన్నికకే ఖర్చయిందని కూడా వాళ్ళ ఆరోపణ. ఒకే డబ్బు, ఒకే ఖాతాలు, ఒక దాంట్లో మనిషే లేడు, ఇంకో దాంట్లో అంతా ఆయనే. ఇందులో ఏది నమ్మమంటారు మమ్మల్ని? ఈడీ మాట నిజమైతే మా బోర్ల డబ్బుతోనే మా ఓట్లు అడిగినట్టు. కేంద్రం కక్ష అని మీరంటున్నారు. కావచ్చు. ఆయన 2024 జూలైలో అరెస్టయ్యారు, అక్టోబరులో బెయిలు మీద బయటికొచ్చారు, ఊరేగింపుగా ఊరికి వచ్చారు. 2025 జూలైలో హైకోర్టు కేసుని సీబీఐ చేతిలో పెట్టింది. సిట్, ఈడీ, సీబీఐ, ముగ్గురూ కలిసి ఒక్క బోరు వేయలేరు కదా సార్.

మళ్ళీ మంత్రివర్గంలోకి తీసుకుంటారన్న మాట కూడా అప్పుడప్పుడూ వినిపిస్తోంది. అప్పుడేం చేయమంటారు మమ్మల్ని, టపాకాయలు తెచ్చుకోమంటారా?

మీరు 2010లో బెంగళూరు నుంచి బళ్ళారికి నడిచి వచ్చారు. మూడొందల ఇరవై కిలోమీటర్లు. గనుల దోపిడీ మీద మీరు వేదికెక్కి మాట్లాడుతుంటే జనంలో నేనూ ఉన్నాను. ప్రజల సొమ్ము తిన్నవాళ్ళని వదలకూడదు అన్న మనిషి ముఖ్యమంత్రి అయితే బాగుండు అనుకున్నాం, అయ్యారు, ఒకసారి కాదు రెండుసార్లు. ఎస్సీ, ఎస్టీలకి బడ్జెట్‌లో వాళ్ళ వాటా వాళ్ళకే ఖర్చు పెట్టాలని 2013లో చట్టం చేసింది కూడా మీరే, దానికి ఇప్పటికీ చేతులెత్తి దండం పెడతా. అదే చట్టం కింద ఉన్న సొమ్ములోంచి 2024-25లో 14 వేల కోట్లకు పైగా మీ ఎన్నికల హామీల పథకాలకి, అదే గ్యారంటీలకి మళ్ళించారు. గ్యారంటీలు మా ఇంటికీ వస్తున్నాయి, మా ఆవిడకి రెండు వేలు పడుతున్నాయి, కాదనను. కానీ ఊరందరికీ ఇచ్చేది మా వాటాలోంచి ఇచ్చి మీకు కూడా ఇచ్చాం కదా అంటే ఎలా? ఇక బీజేపీ వాళ్ళ పాదయాత్ర ముడా ఇళ్ళ స్థలాల గొడవ మీద మైసూరు దారి పట్టింది. బీజేపీ హయాంలో ఫలానా నిగమంలో ఫలానా దోపిడీ జరిగిందని మీరు సభలో చదివిన జాబితా నిజమే అయి ఉంటుంది. మా డబ్బు మాత్రం మీ హయాంలో పోయింది.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఆఖర్న చెబుతున్నా. ఆ నిగమంలో అకౌంట్లు చూసే సూపరింటెండెంటు 2024 మే 26న శివమొగ్గలో ప్రాణం తీసుకున్నాడు. ఆయన చీటీ రాసిపెట్టి పోకపోతే ఇదంతా బయటికి వచ్చేదే కాదు. మంత్రి రాజీనామాకి పత్రికల్లో మొదటి పేజీ, ఆ చనిపోయిన మనిషి ఇల్లు ఎలా గడుస్తుందో ఇప్పుడు ఎవరూ రాయరు. ఆ కుటుంబాన్ని చూడండి. రాజీనామా గొప్పదా ఆ చీటీ గొప్పదా మీరే చెప్పండి.

నాకు కావలసినవి ఎక్కువ లేవు. ఎంత డబ్బు దొరికింది, అందులో నిగమం ఖాతాకి ఎంత తిరిగి చేరింది, చేరనిది ఖజానా నుంచి ఎప్పుడు నింపుతారు, ఇది ఒక కాగితం మీద రాసి ప్రతి తాలూకా ఆఫీసు గోడకి అంటించండి. కన్నడలోనే అంటించండి, చదువుకుంటాం. దొంగలు దొరికాకే డబ్బు అంటే కోర్టుల్లో ఆ కేసు తేలేసరికి నా కొడుకు అర్జీ పెట్టుకోవాల్సి వస్తుంది. కేసు తేలేదాకా నాగేంద్ర గారిని మళ్ళీ మంత్రిని చేయకండి, ఇది కోపంతో చెప్పట్లేదు, బతిమాలుకుంటున్నా. ఎంపిక కమిటీలు ఎప్పుడు కూర్చుంటాయో తేదీ చెప్పండి. ఒక తేదీ. వీలైతే పంట కోతలు అయ్యాక, మళ్ళీ విత్తే లోపల ఉండేలా చూడండి, చేలో పైరు ఉంటే బోరు లారీ లోపలికి రాదు.

ఇట్లు,
బళ్ళారి తాలూకా నుంచి ఒక రైతు