శీనూ, కలిస్ సంగతి తేల్చేద్దాం

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? అమ్మకి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? మొన్న ఫోన్‌లో మాట సగంలో ఉండగానే మీ ఆఫీసు కాల్ వచ్చిందని పెట్టేశావు. దక్షిణాఫ్రికా ఆల్‌రౌండర్ జాక్ కలిస్ గురించి "కలిస్ గొప్పోడే గానీ, తన లెక్కల కోసం ఆడాడురా" అన్నావు చూడు, ఆ మాట అప్పట్నుంచీ నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఇది ఫోన్‌లో తేలేది కాదని కూర్చుని రాస్తున్నాను. కాస్త తీరిక చేసుకుని చదువు.

ఇంకెవరైనా అంటే వదిలేసేవాణ్ణి. ద్రవిడ్ వికెట్ పడితే అన్నం మానేసినవాడివి, నువ్వు అనడమే నాకు మింగుడు పడలేదు. ద్రవిడ్ మూడు గంటలు నిలబడి 40 చేస్తే "అదిరా ఆట" అనేవాడివి. అదే ఓపికతో జాక్ కలిస్ ఆడితే స్వార్థం ఎలా అయిందిరా?

హాస్టల్ టీవీ గది గుర్తు తెచ్చుకో. 2010 డిసెంబర్, డర్బన్ టెస్టు. శ్రీశాంత్ వేసిన ఆ బంతి కలిస్ గొంతు దాకా లేచింది. పాపం రెండు కాళ్ళూ గాల్లోకి లేపి వంగినా గ్లవ్‌కి తగిలి గల్లీ అనే ఫీల్డింగ్ స్థానంలో ఉన్న సెహ్వాగ్ చేతిలో పడింది. గది మొత్తం ఊగిపోయింది. మన లక్ష్మణ్ 96 కొట్టిన మ్యాచ్ కదా, గెలిచాం కూడా. ఆ బంతికి ఎవరైనా ఔటే. అంతకు ముందు మ్యాచ్‌లోనే సెంచూరియన్‌లో కలిస్ 201 నాటౌట్. 140 టెస్టులు దాటాక వచ్చిన మొదటి డబుల్ సెంచరీ అది. లెక్కల కోసం ఆడేవాడైతే అన్నేళ్ళు ఆగుతాడా చెప్పు.

తర్వాత కేప్‌టౌన్. సిరీస్ 1-1. అప్పటిదాకా దక్షిణాఫ్రికాలో మనం టెస్టు సిరీస్ గెలవలేదు, ఈసారి కొట్టేస్తాం అనుకున్నాం. మొదటి ఇన్నింగ్స్‌లో వాళ్ళ 362లో కలిస్‌వే 161. మనవైపు సచిన్ 146. రెండో ఇన్నింగ్స్‌లో మన స్పిన్నర్ భజ్జీ (హర్భజన్) తిప్పేస్తుంటే 130కి 6 వికెట్లు. నువ్వు అప్పుడే స్వీట్ల డబ్బా తెస్తానని బయల్దేరావు! అటు కలిస్ పక్కటెముకల దగ్గర నొప్పి. షాట్ ఆడిన ప్రతిసారీ మొహం ముడుచుకుపోవడం టీవీలో కనిపిస్తూనే ఉంది. అయినా వాళ్ళ వికెట్ కీపర్ బౌచర్‌ని పక్కన పెట్టుకుని ఓవర్ తర్వాత ఓవర్ నెట్టుకొచ్చాడు. 109 నాటౌట్. భజ్జీకి 7 వికెట్లు వచ్చినా కలిస్ మాత్రం దొరకలేదు. మ్యాచ్ డ్రా, సిరీస్ డ్రా. ఆ రాత్రి నేను వాణ్ణి తిట్టుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, ద్రవిడ్ మన కోసం చేసేది అచ్చం ఇదే కదా అనిపించింది. అప్పట్నుంచే వాడి ఆట వెతుక్కుని చూడటం మొదలుపెట్టా.

మొదలు కూడా అలాంటిదేరా. 1995 డిసెంబర్‌లో ఇంగ్లండ్ మీద డర్బన్‌లో మొదటి టెస్టు. చేసింది 1 పరుగు. మొదటి సెంచరీకి రెండేళ్ళు పట్టింది. 1997 మెల్‌బోర్న్ బాక్సింగ్ డే టెస్టు, చివరి రోజు, ఎదురుగా ఆస్ట్రేలియా స్పిన్నర్ వార్న్. 22 ఏళ్ళ కుర్రాడు 279 బంతులు ఆడి 101 చేసి మ్యాచ్ కాపాడాడు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తా. ద్రవిడ్ ఔటయ్యాక ప్యాడ్లు విప్పి కూర్చునేవాడు. పనేమీ చేయలేదని కాదు, ఎక్కువగా స్లిప్‌లో నిలబడి టెస్టుల్లో 200కి పైగా క్యాచ్‌లు పట్టాడు. కలిస్ కూడా 200 పట్టాడు. వాటి మధ్యలో బంతి అందుకుని 20 వేలకు పైగా బంతులు వేశాడు. స్పిన్ కాదురా, ఒళ్ళు హూనమయ్యే ఫాస్ట్ బౌలింగ్! ఎండలో పదిహేను ఓవర్లు వేసి లోపలికెళ్తాడు, ఓపెనర్ మొదటి ఓవర్లోనే పోతే వెంటనే ప్యాడ్లు కట్టుకుని రావాలి. అదీ 18 ఏళ్ళు. టెస్టుల్లో 292 వికెట్లు, వన్డేల్లో 273. పరుగులు రెండింట్లోనూ 10 వేలు దాటాయి. ఇవన్నీ కలిసి ఉన్నవాడు ఇంకొకడు లేడు. టెస్టు సగటు 55.37. వెస్టిండీస్ ఆల్‌రౌండర్ సోబర్స్‌కి 57.78 ఉంది, నేనేమీ సోబర్స్‌ని తక్కువ చేయడం లేదు. కానీ సోబర్స్ పేరు చెప్పగానే లేచి నిలబడేవాళ్ళు కలిస్ దగ్గరకొచ్చేసరికి "స్లో" అనేసి వెళ్ళిపోతారు. నా బాధ అదే.

కలిస్ ఉంటే ఆ టీమ్‌కి ఐదో బౌలర్ ఉచితంగా వచ్చినట్టే. బ్యాట్స్‌మన్‌ని తగ్గించుకోనక్కర్లేదు. 2012లో ఇంగ్లండ్ వెళ్ళి నంబర్ వన్ అయ్యారంటే ఆ సర్దుబాటు కూడా కారణమే. ఓవల్‌లో 2 వికెట్లకు 637, ఆమ్లా 311, కలిస్ 182, ఇద్దరూ నాటౌట్. ఆ సెంచరీ కొట్టి ఏం చేశాడో తెలుసా? తన కంటి వైపు వేలు చూపించాడు. కొద్దిరోజుల ముందే బౌచర్‌కి కంటికి దెబ్బ తగిలి కెరీర్ ముగిసిపోయింది, ఆ స్నేహితుడి కోసం. నాకు కళ్ళు చెమర్చాయి. 2003లో వాళ్ళ నాన్న 65 ఏళ్ళకు పోతే జెర్సీ మీద 65 వేసుకున్నాడు. మైదానంలో పెద్దగా నవ్వేవాడు కాదు గానీ, మనసు లేనివాడు కాదురా.

నీ మాటలో నిజం అసలే లేదని అనను. 2007 ప్రపంచకప్‌లో ఆస్ట్రేలియా 377 కొట్టిన రోజు 63 బంతుల్లో 48 చేశాడు, అది నాకూ నచ్చలేదు. అయితే టెస్టుల్లో 97 సిక్సర్లు కొట్టింది కూడా ఈయనే. 2005లో జింబాబ్వే మీద 24 బంతుల్లో 50, అప్పటికి అది టెస్టు రికార్డు. 1998లో ఢాకాలో వాళ్ళు ఐసీసీ నాకౌట్ కప్పు గెలిచినప్పుడు ఫైనల్లో 30 పరుగులకు 5 వికెట్లు తీసిందీ ఈయనే.

ఇక ఆఖరి టెస్టు. 2013 డిసెంబర్, మన మీదే, మొదలుపెట్టిన డర్బన్‌లోనే. వెళ్ళిపోతున్నానని ముందురోజు చెప్పేసి వచ్చి 115 కొట్టాడు. జడేజా బౌలింగ్‌లో ధోనీ క్యాచ్. అప్పటికి మొత్తం టెస్టు పరుగులు 13,289. ద్రవిడ్‌వి ఎన్నో నీకు చెప్పాలా? 13,288. ఒక్క పరుగురా శీనూ! 13 వేలు దాటాక ఆ ఇద్దరూ అంత దగ్గరగా ఆగారు. నాకైతే ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూస్తే అన్నదమ్ముల్లా కనిపిస్తారు.

సంక్రాంతికి వస్తావుగా? రెండు రోజులు సెలవు ఎక్కువ పెట్టు. ఆ కేప్‌టౌన్ ఇన్నింగ్స్ మా ఇంట్లో పెద్ద టీవీలో వేస్తా, 130కి 6 దగ్గర్నుంచి చూద్దాం. పిల్లలకి ముద్దులు.

నీ
రాంబాబు